మూగ దాహం

పాఠ్యభాగ ఉద్దేశం

శాస్త్రానికి కొలత ప్రాణం. కొలిచే పద్ధతి ఎంతవరకు నమ్మదగినదో తెలియనప్పుడు ఆ కొలతే మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. ఒక్క రోజులో 160 కిలోమీటర్లు ప్రయాణించే గుర్రం దేహంలో నీరు ఎంత తగ్గిందో తెలుసుకోవడానికి పశువైద్యులు చేసే పరీక్షలను, వాటి బలాబలాలను, వాటి వెనుక ఉన్న జీవకారుణ్య దృష్టిని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నోరులేని ప్రాణి మనసెరిగి మెలగడం ఒక విద్య అని మన పూర్వులు గుర్తించారు. మహాభారతంలోని నలోపాఖ్యానం ఆ విద్యను ‘అశ్వహృదయం’ అని పేర్కొంది. బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు రథాన్ని నడిపిన నలుడు అందులో నిష్ణాతుడు. అజ్ఞాతవాస కాలంలో నకులుడు దామగ్రంథి అనే పేరుతో విరాటుని కొలువులో అశ్వరక్షకుడుగా నిలిచాడు. గుర్రాల లక్షణాలను, వ్యాధులను, చికిత్సలను వివరించే శాస్త్రానికి శాలిహోత్రుడు ఆద్యుడని సంప్రదాయం చెబుతుంది. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్ర విషయాలను పద్యాలలో కూర్చాడు. యుద్ధానికీ ప్రయాణానికీ గుర్రమే ఆధారమైన ఆ రోజుల్లో, దాని ఒంట్లో కలిగే మార్పును ముందుగా పసిగట్టడం రౌతుకు తన ప్రాణాన్ని కాపాడుకోవడమే.

నేడు గుర్రం స్థానాన్ని యంత్రాలు ఆక్రమించాయి. అయినా ఆ పాత విద్యను కొత్త సాధనాలతో నిత్యమూ పరీక్షకు పెట్టే రంగం ఒకటి మిగిలి ఉంది. అదే దూరస్వారీ పోటీ. దీనినే ఎండ్యూరెన్స్ రైడింగ్ అంటారు. ఇందులో ఒక రౌతు ఒకే గుర్రంపై కొండలు, లోయలు, ఇసుకదారులు దాటుతూ 80 నుంచి 160 కిలోమీటర్ల వరకు ఒక్క రోజులో ప్రయాణిస్తాడు. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య 1978లో దీనికి గుర్తింపునిచ్చింది. 1986లో రోమ్ నగరంలో మొదటి ప్రపంచస్థాయి పోటీ జరిగింది.

ఈ క్రీడ ఆధునిక రూపం దాల్చింది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో. 1955లో వెండెల్ రోబీ అనే వ్యక్తి, ఇప్పటి గుర్రాలు కూడా ఒక్క రోజులో నూరు మైళ్లు నడవగలవని నిరూపించడానికి కొందరు సహచరులతో కలిసి తాహో సరస్సు ప్రాంతం నుంచి బయలుదేరి, సియెర్రా నెవాడా పర్వతాలను దాటి ఆబర్న్ పట్టణాన్ని చేరాడు. ఆ స్వారీయే తరువాత టెవిస్ కప్ అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. 24 గంటల లోపల గమ్యం చేరి, అప్పటికీ ముందుకు సాగగల స్థితిలో గుర్రం ఉందని పశువైద్యులు ధ్రువీకరిస్తేనే రౌతుకు వెండి బకిల్ బహూకరిస్తారు. బయలుదేరిన వాటిలో దాదాపు సగం గుర్రాలు మాత్రమే ఈ పరీక్షలో నెగ్గుతాయి. మిగిలినవాటిలో కొన్ని కుంటినడక వల్ల ఆగిపోతాయి. మరికొన్నింటిని ఆపివేసేది కంటికి కనిపించని శత్రువు. దాని పేరు నిర్జలీకరణం.

నిర్జలీకరణమంటే దేహంలోని నీరు ఉండవలసిన మోతాదు కన్నా తగ్గిపోవడం. గుర్రం బరువులో దాదాపు మూడింట రెండు వంతులు నీరే. 450 కిలోల గుర్రంలో సుమారు 300 లీటర్ల నీరు ఉంటుంది. పరుగెత్తేటప్పుడు కండరాలు వెచ్చించే శక్తిలో నాలుగోవంతు మించకుండా మాత్రమే చలనంగా మారుతుంది. తక్కినదంతా వేడి అవుతుంది. ఆ వేడిని బయటకు పంపకపోతే దేహం లోలోపలే ఉడికిపోతుంది. అందుకు ప్రకృతి గుర్రానికి ఇచ్చిన ప్రధాన సాధనం చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి దేహాన్ని వీడిపోతుంది. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు కష్టపడే గుర్రం గంటకు 10 నుంచి 15 లీటర్ల వరకు చెమటను కోల్పోగలదు. గాలిలో తేమ అధికంగా ఉంటే చెమట ఆవిరి కాక నేలపాలవుతుంది. అప్పుడు నీరూ పోతుంది, వేడీ తగ్గదు.

నీరు తగ్గితే దాహం వేస్తుంది కదా, దాహం వేస్తే నీరు తాగుతుంది కదా అనే సందేహం కలగడం సహజం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనిషి చెమటకూ గుర్రం చెమటకూ మౌలికమైన భేదం ఉంది. మనిషి చెమటలో లవణాలు రక్తంలో కన్నా పలుచగా ఉంటాయి. గుర్రం చెమటలో అవి రక్తంతో సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉంటాయి. గుర్రం కోల్పోయే ప్రతి లీటరు చెమటతో సోడియం, క్లోరైడ్, పొటాషియం వంటి లవణాలు దాదాపు 10 గ్రాములు బయటకు పోతాయి.

ఈ భేదం వల్ల కలిగే ఫలితాన్ని పొయ్యి మీది చారు గిన్నెతో పోల్చి తెలుసుకోవచ్చు. చారు మరుగుతూ నీరు ఆవిరైపోతే మిగిలిన చారు ఉప్పన అవుతుంది. ఒక్క చుక్క నాలుకకు తగిలినా తేడా తెలిసిపోతుంది. మనిషి చెమటోడ్చినప్పుడు అతని రక్తంలో జరిగేది ఇదే. రక్తం ఉప్పన కాగానే మెదడులోని దాహకేంద్రం మేల్కొంటుంది. గరిటెతో చారునే తోడి పారబోస్తే గిన్నెలో చారు తగ్గుతుందే తప్ప రుచి మారదు. గుర్రం దేహంలో జరిగేది ఇది. రక్తం పరిమాణం తగ్గుతున్నా దాని ఉప్పదనం పెద్దగా మారదు. మెదడు రుచి చూసి, అంతా సవ్యంగానే ఉందని భ్రమపడుతుంది. ఇరవై లీటర్ల చెమట కోల్పోయిన గుర్రం కూడా నీటి తొట్టి ముందు నిలబడి, రెండు గుటకలు వేసి తల తిప్పుకోవడానికి కారణం ఇదే. ఆ ప్రాణి దాహం మూగది. అది రౌతుకే కాదు, గుర్రానికి కూడా వినిపించదు.

ఈ స్థితి ముదిరితే పరిణామాలు తీవ్రంగా ఉంటాయి. రక్తం పరిమాణం తగ్గిన కొద్దీ గుండె ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. పని చేసే కండరాలకు, చర్మానికి రక్తాన్ని మళ్లించడం కోసం దేహం పేగులకు వెళ్లే రక్తాన్ని కుదిస్తుంది. పేగుల కదలిక మందగించి కడుపునొప్పి మొదలవుతుంది. లవణాల సమతౌల్యం చెడినప్పుడు గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఉదరవితానం కూడా దానితో పాటు అదురుతుంది. గుర్రం డొక్క ఎగిరెగిరి పడుతూ కనిపించే ఈ లక్షణాన్ని థంప్స్ అంటారు. కండరాలు బిగిసి దెబ్బతింటే మూత్రం కాఫీ రంగుకు మారుతుంది. చివరకు మూత్రపిండాలు పనిచేయడం మానివేయవచ్చు. కాబట్టి ప్రమాదం ముంచుకురాక ముందే నీటి లోటును కొలవడం ప్రాణంతో ముడిపడిన విషయం.

దూరస్వారీ మార్గంలో కొన్ని కిలోమీటర్లకొకటి చొప్పున పశువైద్య తనిఖీ కేంద్రాలు ఉంటాయి. అక్కడ గుర్రాన్ని ఆపి, పరీక్షించి, నిర్ణీత విశ్రాంతి తరువాతనే ముందుకు పంపుతారు. ఆ పరీక్షల్లో అందరికీ తెలిసినది చర్మ పరీక్ష. మెడ మీదనో భుజం దగ్గరో చర్మాన్ని రెండు వేళ్లతో మడతపెట్టి వదులుతారు. నీరు సమృద్ధిగా ఉన్న దేహంలో ఆ మడత తక్షణమే సర్దుకుంటుంది. రెండు సెకన్లు దాటినా మడత నిలిచి ఉంటే నీటి లోటు ఉందని అనుమానిస్తారు. ఈ పరీక్ష మనకు కొత్తది కాదు. అతిసారంతో నీరసించిన పసిపిల్లల పొట్ట మీది చర్మాన్ని ఇలాగే మడిచి చూసి, లోటు తీవ్రతను అంచనా వేసే పద్ధతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వాడుకలో ఉంది.

పనిముట్టు ఏదీ అక్కరలేని ఈ పరీక్ష సులభమైనదే. కానీ నమ్మకం విషయంలో దీనికి పరిమితులున్నాయి. వయసు మళ్లిన గుర్రం చర్మం సహజంగానే సాగి ఉంటుంది. బలిసిన గుర్రం చర్మం కింది కొవ్వు మడతను వెంటనే సర్దేస్తుంది. మెడ మీద ఒక చోట చూసిన ఫలితానికీ, భుజం దగ్గర చూసిన ఫలితానికీ పొంతన కుదరకపోవచ్చు. పైగా దేహం బరువులో సుమారు 5 శాతం నీరు పోయేవరకు చర్మంలో స్పష్టమైన మార్పు కనిపించదు. 450 కిలోల గుర్రం విషయంలో దానర్థం 22 లీటర్లకు పైగా నీరు పోయిన తరువాత గానీ చర్మం నోరు విప్పదని. పాకిస్తాన్‌లో బండ్లు లాగే గుర్రాలపై జరిపి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనం కూడా చర్మ పరీక్షను ఒంటరిగా నమ్మరాదని సూచించింది. శుభ్రమైన నీటిని ముందుంచి, గుర్రం తనివితీరా ఎంత తాగుతుందో గమనించడమే ఆచరణలో మేలైన కొలత అని, చికిత్స కూడా అదేనని ఆ పరిశోధకులు అభిప్రాయపడ్డారు. రోజూ బండి లాగే గుర్రానికి, అలవాటైన చోట విశ్రాంతిగా తాగే వ్యవధి ఉన్నప్పుడు ఈ కొలత చెల్లుతుంది. పోటీ నడుమ ఆగిన గుర్రం తాగకపోయినంత మాత్రాన దానికి నీరు అక్కరలేదని తీర్మానించరాదు.

రెండవది చిగుళ్ల పరీక్ష. ఆరోగ్యవంతమైన గుర్రం చిగుళ్లు లేత గులాబీ రంగులో తడిగా ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే పాలిపోయిన చోటికి రెండు సెకన్ల లోపల మళ్లీ రక్తం చేరి రంగు వస్తుంది. చిగుళ్లు జిగటగా, పొడిగా, ముదురు ఎరుపుగా మారినా, రంగు తిరిగి రావడానికి ఆలస్యమైనా రక్తప్రసరణ కుంటుపడిందని తెలుసుకోవాలి. అయితే అప్పుడే నీరు తాగిన గుర్రం నోరు తడిగా ఉండి పరీక్షకుణ్ణి మభ్యపెట్టగలదు. మూడవది పేగుల శబ్దం. పొట్టకు రెండు వైపులా పైన, కింద స్టెతస్కోపు ఉంచి నాలుగు చోట్ల వింటారు. గుడగుడమనే శబ్దం ఉంటే మంచిది. నిశ్శబ్దం ఉంటే పేగులు చప్పబడ్డాయన్నమాట. ఇతర సందర్భాలలో ప్రశాంతతకు గుర్తు అయిన నిశ్శబ్దం ఇక్కడ అపాయానికి సంకేతం.

నాలుగవది, అన్నిటికన్నా ప్రధానమైనది గుండె కొలత. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. పరుగు ఆగిన తరువాత అది ఎంత త్వరగా తగ్గుతుందనే దాని మీదనే గుర్రం స్థితిని అంచనా కడతారు. చాలా పోటీలలో నిర్ణీత వ్యవధి లోపల గుండె వేగం 64కు దిగిరాకపోతే గుర్రాన్ని ముందుకు సాగనివ్వరు. దీనికి అమెరికా పశువైద్యుడు కెరీ రిడ్జ్‌వే మరొక మెలకువ జోడించాడు. ముందుగా గుండె వేగం లెక్కిస్తారు. తరువాత గుర్రాన్ని 125 అడుగుల దూరం చిన్న పరుగున తీసుకుపోయి, అంతే దూరం వెనక్కు తెస్తారు. పరుగు మొదలైనప్పటి నుంచి సరిగ్గా ఒక నిమిషం గడవగానే మళ్లీ లెక్కిస్తారు. రెండవ సంఖ్య మొదటి దానికి సమానంగానో, తక్కువగానో ఉంటే గుర్రం దేహంలో ఇంకా నిల్వబలం ఉన్నట్టు. నాలుగుకు మించి పెరిగితే అలసటో, నీటి లోటో, నొప్పో లోపల దాగి ఉందని వైద్యుడు అప్రమత్తమవుతాడు. నిలబడి ఉన్న గుర్రం దాచిన సంగతిని ఆ కొద్దిపాటి పరుగు బయటపెడుతుంది.

అయిదవది తూకం. లీటరు నీరు కిలో బరువు కాబట్టి, బయలుదేరే ముందు, దారిలో, గమ్యం చేరిన తరువాత గుర్రాన్ని తూకపు బల్ల మీద నిలబెడితే నీటి లోటు దాదాపుగా తెలిసిపోతుంది. బయట చేయగలిగిన పరీక్షల్లో ఇది ఊహకు అతి తక్కువ తావిచ్చేది. అయినా ఇందులోనూ జాగ్రత్తలు అవసరం. దారిలో వేసిన పేడ, పోసిన మూత్రం కూడా బరువును తగ్గిస్తాయి. తాగిన నీరు, తిన్న గడ్డి పేగుల్లో ఉండగానే బరువును పెంచుతాయి. అంతకన్నా పెద్ద పొరపాటు మొదటి తూకంలోనే జరగవచ్చు. వాహనంలో గంటల తరబడి ప్రయాణించి పోటీ స్థలానికి చేరిన గుర్రం అప్పటికే కొంత నీరు కోల్పోయి ఉంటుంది. ఆ బరువునే ప్రమాణంగా తీసుకుంటే లోటు ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది. అందుచేత మెలకువ గల రౌతు తన గుర్రం సహజమైన బరువును ఇంటి వద్దనే తూచి రాసి ఉంచుకుంటాడు.

ఆరవది రక్త పరీక్ష. రక్తాన్ని సన్నని గాజు గొట్టంలో నింపి యంత్రంలో వేగంగా తిప్పితే ఎర్రకణాలు ఒక వైపుకు చేరతాయి. విశ్రాంతిలో ఉన్న గుర్రం రక్తంలో ఈ కణాల భాగం సుమారు 32 నుంచి 48 శాతం ఉంటుంది. నీరు తగ్గితే ఆ శాతం పెరుగుతుంది. కానీ ఇక్కడ కూడా గుర్రం దేహం ఒక చిక్కుముడి వేసింది. గుర్రం ప్లీహం ఎర్రకణాల కోశాగారం. పరుగు మొదలు కాగానే అది ముడుచుకొని, దాచిన కణాలను రక్తంలోకి వదులుతుంది. అప్పుడు నీటిలోటు ఏమీ లేకున్నా ఎర్రకణాల శాతం పెరుగుతుంది. అందువల్ల వైద్యులు ఆ ఒక్క అంకెను నమ్మక, ప్లాస్మాలోని ప్రోటీన్లను కూడా కొలుస్తారు. అవి మామూలుగా 100 మిల్లీలీటర్లకు 6 నుంచి 7.5 గ్రాముల వరకు ఉంటాయి. ప్లీహం ప్రోటీన్లను దాచదు. ఈ రెండు అంకెలూ కలిసి పెరిగినప్పుడే అది నిజమైన నీటిలోటు అని చెప్పడానికి బలం చేకూరుతుంది.

ఇన్ని పరీక్షలుండగా ఏది సరైనదనే ప్రశ్నకు ఒక ఉదాహరణ సమాధానమిస్తుంది. ఇంటి వద్ద 450 కిలోలు తూగిన గుర్రం ఒకటి రెండవ తనిఖీ కేంద్రానికి చేరిందనుకుందాం. చర్మం మడత ఒక్క సెకనులో సర్దుకుంది. గుండె వేగం పది నిమిషాలలో 60కి దిగింది. ఈ రెండే చూసినవారు గుర్రాన్ని నిశ్చింతగా పంపివేస్తారు. కానీ తూకం 432 కిలోలు చూపింది. అంటే 18 కిలోలు, నూటికి నాలుగు వంతులు తరిగింది. చిన్న పరుగు తరువాత గుండె వేగం 68కి పెరిగింది. పొట్టకు రెండు చోట్ల పేగుల శబ్దం వినబడలేదు. ముందు తనిఖీలో నాలుగు చోట్లా వినబడింది. వీటన్నింటినీ ఒకచోట చేర్చి చూసిన వైద్యుడు ఆ గుర్రాన్ని ఆపి, నీరు, గడ్డి, నీడ అందేలా చేసి మళ్లీ పరీక్షిస్తాడు. స్థితి మెరుగుపడకపోతే పోటీ నుంచి విరమింపజేస్తాడు. ఏ ఒక్క పరీక్షా పూర్తి సత్యం చెప్పదు. ఒక దాని లోపాన్ని మరొకటి పూరిస్తుంది. ఒక గుర్రాన్ని మరొక గుర్రంతో పోల్చడం కన్నా, దాని నిన్నటి స్థితితో, గడచిన తనిఖీలోని స్థితితో పోల్చడమే మేలు. ఒకే పరీక్షకుడు, దేహంలో ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలిచినప్పుడే ఆ పోలికకు విలువ.

ఈ జాగ్రత్తల అవసరాన్ని ప్రపంచానికి గుర్తుచేసిన సంఘటన 2018లో జరిగింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 12న అమెరికాలోని ఉత్తర కెరొలినా రాష్ట్రంలో, ట్రయాన్ అనే చోట ప్రపంచ అశ్వక్రీడలలో భాగంగా 160 కిలోమీటర్ల దూరస్వారీ నిర్వహించారు. వేడికి గాలిలోని తేమ తోడైంది. చెమట ఆరలేదు. గుర్రాల దేహాలు చల్లబడలేదు. పరిస్థితి అపాయకరంగా మారడంతో నిర్వాహకులు పోటీని మధ్యలోనే రద్దుచేశారు. యాభైకి పైగా గుర్రాలకు చికిత్స చేయవలసి వచ్చింది. ఒక గుర్రం ప్రాణం దక్కలేదు. దేశాల పతాకాల కింద, ఎంతోమంది వైద్యుల సమక్షంలో జరిగిన పోటీలోనే ఇలా జరిగిందంటే, గుర్రం స్థితితో పాటు వాతావరణాన్ని కూడా కొలిచి తీరవలసిందేనని తేటతెల్లమవుతుంది.

కొలత వల్ల తెలిసిన లోటును పూరించడానికి మార్గాలున్నాయి. దారిలో నీరు కనిపించిన ప్రతిచోటా గుర్రానికి తాగే అవకాశం ఇవ్వాలి. గడ్డి పీచు పేగుల్లో నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి పోటీకి ముందు పుష్కలంగా గడ్డి మేపాలి. నీటితో పాటు లవణాలను కూడా అందించాలి. వ్యాయామం వల్ల నీరు కోల్పోయిన గుర్రాలకు మొదట తగుమాత్రం ఉప్పు కలిపిన నీరు ఇస్తే, ఆ తరువాత అవి మామూలు నీటిని మరింత ఎక్కువగా తాగుతాయని 2002లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. గిన్నెలో చారు రుచి మారితేనే మెదడు మేల్కొంటుందన్న సూత్రమే ఇక్కడ చికిత్సగా మారింది. అయితే నీరు తాగని గుర్రానికి చిక్కని ఉప్పు ముద్దను తినిపిస్తే, అది రక్తంలోని నీటిని పేగుల్లోకి లాగి స్థితిని మరింత విషమింపజేస్తుంది. వేడెక్కిన దేహం మీద చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయనే పాత భయాన్ని 1996 అట్లాంటా ఒలింపిక్ క్రీడలకు ముందు జరిగిన పరిశోధనలు తొలగించాయి. ధారాళంగా చన్నీళ్లు పోయడం గుర్రానికి హాని కాదు, రక్షణ. లోటు తీవ్రమైనప్పుడు ముక్కు ద్వారా కడుపులోకి గొట్టం వేసిగానీ, నరంలోకి సెలైన్ ఎక్కించిగానీ వైద్యులు కాపాడతారు.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని తెలుగు సామెత. అధికారం చూపనివాణ్ణి లోకం లెక్కచేయదని దాని భావం. దూరస్వారీ నేర్పే నీతి అందుకు భిన్నమైనది. ఇక్కడ రౌతు కఠినుడైతే గుర్రం నాలుగు కాళ్ల మీద నిలబడలేదు. గుర్రం తనను నడిపేవాడు ఆగమనేవరకు ఆగదు. దాహమైనా అడగదు. ఆ విధేయతే దానికి ప్రాణాపాయం. కాబట్టి ఆపవలసిన బాధ్యత కళ్లెం పట్టిన చేతిదే. గమ్యం చేరడమే గెలుపు అనేది ఈ క్రీడలో ప్రసిద్ధమైన నినాదం. టెవిస్ స్వారీలో అందరికన్నా ముందు చేరినవారికి ఇచ్చే గౌరవంతో పాటు, మొదటి పది గుర్రాలలో ఉత్తమ దేహస్థితిలో ఉన్న గుర్రానికి 1964 నుంచి హాగిన్ కప్ అనే పురస్కారం ఇస్తున్నారు. వేగానికి ఎంత విలువ ఉందో, ఆ వేగాన్ని మోసిన ప్రాణి క్షేమానికీ అంతే విలువ ఉందని దాని సారాంశం.

నలుడు ఎరిగిన అశ్వహృదయం నేడు స్టెతస్కోపులో, తూకపు బల్లలో, గాజు గొట్టంలో కొత్త రూపు దాల్చింది. సాధనాలు మారినా ఆ విద్య పరమార్థం మారలేదు. అడగలేని ప్రాణి అవసరాన్ని అడగకముందే తెలుసుకోవడం మనిషి ధర్మం. తెలుసుకున్న తరువాత, గెలుపు చేజారుతున్నా సరే, ఆగడం అంతకన్నా గొప్ప ధర్మం.

కఠిన పదాలు – అర్థాలు

నిష్ణాతుడు : నేర్పరి, ఆరితేరినవాడు
ఆద్యుడు : మొదటివాడు
రౌతు : గుర్రాన్ని ఎక్కి నడిపేవాడు
నిర్జలీకరణం : దేహంలో నీరు తగ్గిపోవడం
సమతౌల్యం : హెచ్చుతగ్గులు లేని స్థితి
ఉదరవితానం : ఛాతీని, పొట్టను వేరుచేసే కండర పొర
ప్లీహం : ఎర్ర రక్తకణాలను నిల్వచేసే అవయవం
కోశాగారం : ధనం దాచే చోటు, ఖజానా
పరమార్థం : అసలైన ప్రయోజనం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. గుర్రం దేహంలోని నీటిలోటును తెలుసుకోవడానికి చేసే పరీక్షలను, వాటి పరిమితులను వివరించండి.
2. ‘ఏ ఒక్క పరీక్షా పూర్తి సత్యం చెప్పదు’ అనే వాక్యాన్ని పాఠంలోని ఉదాహరణ ఆధారంగా సమర్థించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. మనిషి చెమటకు, గుర్రం చెమటకు గల భేదం ఏమిటి? దాని ఫలితమేమిటి?
2. ఎర్రకణాల శాతంతో పాటు ప్రోటీన్లను కూడా ఎందుకు కొలుస్తారు?
3. గుర్రాన్ని ఇంటి వద్దనే తూచి ఉంచుకోవడం వల్ల ప్రయోజనం ఏమిటి?
4. 2018లో ట్రయాన్‌లో జరిగిన సంఘటన నేర్పే పాఠం ఏమిటి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. నకులుడు విరాటుని కొలువులో ఏ పేరుతో ఉన్నాడు?
2. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుంది?
3. హాగిన్ కప్ ఏ గుర్రానికి ఇస్తారు?